తీరిక లేని విహారం విహారమా?

కార్తికం గడచి మంచు కురియడం మొదలయ్యే వేళకు, ప్రతి విద్యాసంవత్సరంలోను మన కళాశాల నోటీసు బోర్డు చుట్టూ ఒకే చర్చ సాగుతుంది. ఈ సంవత్సరం విహారయాత్ర ఎక్కడికి? ఎన్నాళ్ళు? తలకు ఎంత పడుతుంది? ఈ ఏడు ఆ చర్చలో ఒక కొత్త మాట వినవచ్చింది. జైసల్మేరు సమీపాన గల ఎడారి జాతీయోద్యానాన్ని చూచి రావాలని చివరి సంవత్సరపు విద్యార్థులు కొందరు ఉబలాటపడుతున్నారు.

కోరిక మంచిదే. మూడు వేల చదరపు కిలోమీటర్లకు మించిన ఆ ఉద్యానం ఇసుకతిన్నెలకు, గడ్డిమైదానాలకు, అంతరించిపోతున్న బట్టమేక పక్షికి నెలవు. కాని ఆమదాలవలస నుండి అది రెండు వేల కిలోమీటర్లకు పైబడిన దూరం. మనకు దొరికే వారం రోజుల సెలవు రాకపోకలకే చాలదు. కనుక కళాశాల సంఘం వారు ఈ కోరికను త్రోసిపుచ్చడం తథ్యం. అందుకు మాకు ఆక్షేపణ లేదు. దానికి బదులుగా ఏర్పాటు కాబోయే యాత్ర ఎటువంటిది అన్నదే మా ఆందోళన. అలవాటు చొప్పున ఒక బస్సు మాట్లాడి, అయిదు రోజులలో అరడజను పట్టణాలు చుట్టబెట్టి, పిల్లలను నిద్రమొగాలతో తిరిగి దింపడమే విహారయాత్ర అనుకునే పద్ధతికి స్వస్తి చెప్పవలసిన సమయం వచ్చినదని మేము భావిస్తున్నాము.

ఇటీవల ఒకానొక కళాశాల వారి యాత్రా కార్యక్రమ పత్రం మా కంటబడింది. అయిదు రోజులు, పద్నాలుగు స్థలాలు, రెండు వేల నూరు కిలోమీటర్లు! చూచిన వారు ముక్కున వేలు వేసుకొని, ఎంత గిట్టుబాటు అన్నారు. లెక్క వేసి చూతము. ఊళ్ళు, టోలుగేట్లు, టీ విరామాలు కలుపుకుంటే బస్సు గంటకు సగటున నలభై కిలోమీటర్లు పోవడం గగనం. అనగా బస్సులో కూర్చున్నది 52 గంటలు. అయిదు రోజులకు గంటలు 120. నిద్రకు ముప్పై గంటలు, స్నానపానాలకు, భోజనాలకు పదిహేను గంటలు తీసివేస్తే మిగిలినవి 23. పద్నాలుగు స్థలాలకు పంచితే ఒక్కొక్క దానికి గంటన్నర పైచిలుకు. అందులో చెప్పుల కోసం, టిక్కెట్ల కోసం, తప్పిపోయిన వారి కోసం నిరీక్షణ పోగా మిగిలేది ఫోటోకు సరిపడు సమయమే. డబ్బు పెట్టి పిల్లలకు చూపినది పద్నాలుగు స్థలాలు కాదు, యాభై రెండు గంటల తారురోడ్డు.

ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఒకటి సఫర్, రెండవది సైర్. ఒక చోటి నుండి మరొక చోటికి పోవడం సఫర్. చూస్తూ, ఆగుతూ, ఆనందిస్తూ తిరగడం సైర్. తెలుగులో ప్రయాణానికి, విహారానికి గల భేదం వంటిదే ఇది. మన కళాశాల ఉర్దూ తెలుగుల సంగమస్థానం కాబట్టి మనకు ఈ భేదం ఒకరు చెప్పవలసిన పని లేదు. అయినా మనం సైర్ అని చందాలు వసూలు చేసి సఫర్ చేయించి తీసుకొని వస్తున్నాము.

తెలుగువారికి తీరిక యాత్ర కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణంలో బయలుదేరి, పెద్ద పరివారంతో కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలకు పైబడిన యాత్ర అది. పోయేటప్పుడు కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా పోయాడు. వచ్చేటప్పుడు జగన్నాథం నుండి గంజాం, శ్రీకాకుళాల మీదుగా మన ప్రాంతాన్ని దాటిపోయాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర నేటికీ ఎందుకు చదువబడుతున్నది? ఏ మజిలీలో నీరు మంచిది, ఏ ఊరిలో ఏ సామగ్రి దొరుకుతుంది, ఎక్కడ బస వసతి కలదు, అచటి ప్రజల నడవడి ఎట్టిది అన్నవి నిలిచి చూచి వ్రాశాడు గనుక. పల్లకీల కాలం పోయింది, నిజమే. కాని నిలిచి చూడడానికి పల్లకీ అవసరం లేదు గదా!

ఇక ఎడారి మాట. మన రాష్ట్రంలో శాస్త్రరీత్యా ఎడారి లేదు. సాలుకు 250 మిల్లీమీటర్ల లోపు వాన కురిసే నేలను ఎడారి అనడం వాడుక. జైసల్మేరులో కురిసేది 200 లోపే. మన శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అనంతపురంలో కురిసేది 550 ప్రాంతం. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య మేఘాలు తీరం నుండి అంత లోపలికి బలంగా చేరవు. ఈ రెండింటి నడుమ చిక్కిన రాయలసీమ వర్షచ్ఛాయా ప్రాంతమైంది. కేంద్ర ప్రభుత్వం వారు 1990 దశకంలో తమ ఎడారి ప్రాంతాభివృద్ధి పథకంలో అనంతపురం జిల్లాను చేర్చారు. ఆ జిల్లా పడమటి అంచున కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలలో, హగరి అని పిలువబడే వేదవతి నది ఇసుకను గాలి ఎగురవేసి పొలాల మీద దిబ్బలుగా పోయడం నేటికీ చూడవచ్చు. కనుక ఎండిన నేల ఎట్టిదో తెలుసుకొనడానికి జైసల్మేరు దాకా పోనక్కరలేదు. మన తెలుగు నేలలోనే మన భాష మాట్లాడే మనుషుల నడుమనే అది ఉన్నది.

ఆ సీమను చూడడానికి తీరిక ఎందుకు కావాలన్నదే ఇచ్చట ప్రధానమైన ప్రశ్న. తీరిక యాత్ర సోమరుల విలాసమని కొందరి అభిప్రాయం. మా అభిప్రాయం అందుకు విరుద్ధం. పచ్చని సీమలో కళ్ళు తెరిస్తే చాలు, అందం తానే ఎదురు వస్తుంది. మెట్టసీమ అట్లు కాదు. తొందరపడు వానికి అది ఏమీ చూపదు. బస్సు కిటికీ నుండి చూస్తే రాళ్ళు, తుప్పలు, ఎండిన వాగులు, అంతే. దిగి, కూర్చుని, ఒక ఉదయమో సాయంకాలమో ఊరకుండిన వానికి మాత్రమే అది నోరు విప్పుతుంది.

రోళ్ళపాడును ఉదాహరణగా తీసుకొందాము. నంద్యాల జిల్లాలో నందికొట్కూరుకు చేరువనున్న ఈ గడ్డినేలను 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 614 హెక్టార్లు మాత్రమే. జైసల్మేరు ఉద్యానంలో ఏ బట్టమేకను చూడాలని మన విద్యార్థులు కోరుతున్నారో, ఆ పక్షి కోసమే ఈ అభయారణ్యం వెలసింది. పదిహేను కిలోల వరకు తూగగల ఈ మహాపక్షి సాధారణంగా ఏటికి ఒకే ఒక గ్రుడ్డును నేల మీదనే పెడుతుంది. చుట్టుపట్ల కాలువ నీరు పారి పచ్చిక బీళ్ళు పంటపొలాలైన కొద్దీ దానికి నిలువ నీడ కరవైంది. నేడు దేశం మొత్తం మీద రెండు వందల లోపే మిగిలిన ఈ జాతిలో అత్యధిక భాగం రాజస్థానంలోనే ఉన్నది. రోళ్ళపాడులో మనకు కనబడుతుందని ఆశించడం వృథా. కనబడేవి కృష్ణజింకలు, గాలికి తలలూపే గడ్డి.

అటువంటి చోటికి ఎందుకు అని ప్రశ్నించవచ్చును. అందుకే పోవాలని మా సమాధానం. ఏ పక్షి పేర గేటు కట్టారో ఆ పక్షి లేని నేల మీద తెల్లవారుజామున రెండు గంటలు కూర్చుంటే, అంతరించిపోవడం అనే మాటకు అర్థం పాఠ్యపుస్తకం కంటె బాగా బోధపడుతుంది. తరువాత ఆ పక్క పొలాల రైతులతో మాట్లాడాలి. జింకలు తమ చేలను మేసిపోతున్నాయన్న వారి బాధ వినాలి. పక్షిని కాపాడుమనే వాడు ఒక వైపు, పంటను కాపాడుకొనే వాడు మరొక వైపు. ఇద్దరిలో ఎవరి మాట న్యాయమో తేల్చుకోవడానికి గంటన్నర చాలదు.

కలివి కోడి కథ ఇంకా విచిత్రం. జెర్డన్ అనే సైనిక వైద్యుని పేర 1848లో శాస్త్ర ప్రపంచానికి పరిచయమైన ఈ పిట్ట 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించినదిగా ఎంచబడింది. 86 ఏండ్ల తరువాత, 1986 జనవరిలో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ స్థానిక పక్షి వేటగాని తోడ్పాటుతో కడప జిల్లా చిట్టడవులలో దానిని తిరిగి కనుగొన్నారు. దాని కోసం 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దాని కోసమే తెలుగుగంగ కాలువ దారి మళ్ళింది. అది రాత్రి తిరిగే పిట్ట. దానిని వెదకుతూ నలభై మంది విద్యార్థులు టార్చిలైట్లతో పొదలలో తిరగడం మహాపరాధం. కనుక మా ప్రణాళికలో లంకమల లేదు. మనం పోకపోవడమే కొన్ని ప్రాణులకు మనం చేయగల మేలు. ఇది కూడా యాత్రా విద్యలో ఒక పాఠమే.

ఎండిన సీమలో మరొక వింత ఉన్నది. అక్కడ చూడదగిన వానిలో గొప్పవి నీరు చెక్కినవే! కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు సున్నపురాతిలో భూగర్భజలం యుగయుగాలు పారి తొలిచినవి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీనిని ప్రస్తావించగా, 1982–83లో జర్మన్ అన్వేషకులు సమగ్రంగా శోధించారు. 2002లో ప్రజలకు తెరిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సందర్శకులను అనుమతించేది సుమారు సగం. లోపల ఉక్క అధికం. పరుగున పోయిన వారికి ఊపిరాడక పాతాళగంగ దాకా పోకుండానే వెనుదిరగాలనిపిస్తుంది. నెమ్మదిగా పోయిన వారికే ఆ గోడల మీద ప్రవాహం గీసిన గీతలు కనబడతాయి.

గండికోట సంగతీ అంతే. ఎర్రమల కొండలను చీల్చుకొని పోయిన పెన్నా లోయ అంచున పెమ్మసాని నాయకుల కోట నిలిచి ఉన్నది. పదిహేడవ శతాబ్ది నడుమ గోలకొండ సేనాని మీర్ జుమ్లా దానిని వశపరచుకొన్నాడు. వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో అక్కడికే వచ్చి ఆయనను కలుసుకొన్నాడు. కోటలో మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం ఒకే నడకలో చూడవచ్చు. మధ్యాహ్నపు ఎండలో లోయ తెల్లబారి చప్పగా కనబడుతుంది. అదే లోయ ప్రాతఃకాలంలో, సాయంసంధ్యలో ఎరుపెక్కి లోతు తేలి వేరొక లోయ అవుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు వచ్చి ఒంటిగంటకు బస్సెక్కిన వాడు గండికోటను చూచానని చెప్పుకోవచ్చును గాని చూడలేదు.

ఇక మా ప్రతిపాదన. దూరభారం రైలుకు వదలిపెట్టాలి. మన శ్రీకాకుళం రోడ్ స్టేషను నుండి గుంటూరు మీదుగా నంద్యాల దాకా రైలుమార్గం ఉన్నది. ఏడు వందల కిలోమీటర్లకు పైబడిన ఈ దూరాన్ని పడుకొని పోవచ్చు. గిద్దలూరు దాటిన పిమ్మట నల్లమల అడవి, సొరంగాలు కిటికీలోనే కనబడతాయి. నంద్యాలలో స్థానికంగా బస్సు మాట్లాడుకోవాలి. మొదటి రోజు విశ్రాంతి, సాయంత్రం ఊరు చూడడం. రెండవ రోజు ఉదయం సాయంత్రం రోళ్ళపాడు, నడుమ రైతులతో సంభాషణ. మూడవ రోజు బనగానపల్లె మీదుగా బెలుం, చీకటి పడక ముందే గండికోట. 1948లో భారత యూనియన్‌లో విలీనమైన నవాబుల సంస్థానం బనగానపల్లె. మన ఉర్దూ విద్యార్థులకు ఆ ప్రాంతపు దక్కనీ యాస వినడమే ఒక పాఠం. నాలుగవ రోజు అంతా గండికోటలోనే. ఆనాటి మధ్యాహ్నానికి ఏ కార్యక్రమమూ పెట్టకూడదు. చదువుకొనే వారు చదువుకోవచ్చు, బొమ్మ గీసే వారు గీయవచ్చు, ఊరక కూర్చునే వారు కూర్చోవచ్చు. అయిదవ రోజు నంద్యాల చేరి రైలెక్కడం. బస్సు నడిచేది మొత్తం నాలుగు వందల కిలోమీటర్ల లోపు. బస్సు బాడుగ కిలోమీటర్ల మీద కాబట్టి, రైలు ఛార్జీలు కలుపుకొన్నా ఖర్చు తగ్గేదే గాని పెరిగేది కాదు.

కాలం డిసెంబరు, జనవరి నెలలే. మార్చి దాటితే ఆ ఎండకు మన తీరప్రాంతపు పిల్లలు తాళలేరు. నీటి విషయంలో ఉపేక్ష పనికిరాదు. తలకు రోజుకు నాలుగు లీటర్ల చొప్పున నలభై మందికి నూట అరవై లీటర్లు, అనగా ఇరవై లీటర్ల క్యాన్లు ఎనిమిది, ప్రతి ఉదయం బస్సులో ఎక్కవలసిందే. వంటకు ఇద్దరు మనుషులు వెంట ఉంటే అందరికీ ఒప్పుదల అయిన భోజనం అమరుతుంది. నమాజు వేళలకు, జుమాకు విడిగా హైరానా పడనక్కరలేదు. తీరిక ఉన్న కార్యక్రమంలో వానికి చోటు తనంత తానే దొరుకుతుంది.

డ్రైవరు సంగతి ఎవరూ తలచరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పనిని నిర్దేశించింది. పైన చెప్పిన పద్నాలుగు స్థలాల యాత్రలో ఒంటి డ్రైవరు రోజుకు పది గంటలకు మించి చక్రం పట్టవలసి వస్తుంది. నలభై కుటుంబాల ఆశలు ఆ రెప్పలు వాలకపోవడం మీద ఆధారపడి ఉంటాయి. రాత్రి బస్సు నడపరాదన్న ఒక్క నియమాన్ని కళాశాల సంఘం తీర్మానంగా ఆమోదించినా ఈ వ్యాసం వ్రాసినందుకు ఫలం దక్కినట్లే.

అన్నిటి కంటె ముఖ్యమైనది మన విద్యార్థినుల విషయం. తరగతిలో వారు సగం. యాత్రా బస్సులో మాత్రం వేళ్ళ మీద లెక్కింపదగిన వారే. తల్లిదండ్రులు పంపరని చెప్పి మనం చేతులు దులుపుకొంటున్నాము. వారు ఎందుకు పంపరు? బస్సు ఏ రాత్రి ఎక్కడ ఉంటుందో, ఏ వేళకు ఏ ఊరు చేరుతుందో, ఎచ్చట దిగబెడతారో చెప్పగల కార్యక్రమం మన చేతిలో లేదు గనుక. అదే రెండే బసలు, రెండింటి చిరునామాలు, ఫోను నంబర్లు, వెంట వచ్చే అధ్యాపికల పేర్లు, చీకటి పడక ముందే గమ్యం చేరుతామన్న హామీ వ్రాసి పంపిన నాడు, అబ్బాజాన్ అయినా నాన్నగారైనా ఆలోచించకుండా కాదనరు. కాదన్న వారి ఇంటికి మేమే పోయి అడుగుతాము. తొందర యాత్ర ఆడపిల్లలను ఇంట కూర్చోబెట్టింది. తీరిక యాత్ర వారిని బస్సెక్కించగలదు.

పేద విద్యార్థికి జన్మకొక్క అవకాశం, పది చోట్లు చూడనివ్వండి అని వాదించే మిత్రులున్నారు. ఆ వాదంలోని దయను మేము గౌరవిస్తాము. అయితే ఒక్కటే అవకాశం గనుకనే అది నిలిచి ఉండేదై ఉండాలి. పదేండ్ల తరువాత ఆ విద్యార్థి తన బిడ్డకు ఏమి చెబుతాడు? పది పేర్లు చెబుతాడా, పెన్నా అంచున గడిపిన ఒక సాయంకాలాన్ని చెబుతాడా? పరుగెత్తి పాలు తాగే కంటె నిలబడి నీళ్ళు తాగడం మేలన్న సామెత, నీళ్ళే కరవైన సీమలో మరింత నిజం.

కరవు నేలను చూడడానికి పోవడమేమిటని మరొక ఆక్షేపణ. మనది వంశధార, నాగావళి పొంగే సీమ. మన కష్టం తరచు వరదతోను తుపానుతోను వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానాన్ని నేలమట్టం చేసిన సంగతి మన విద్యార్థులకు ఎవరూ చెప్పనక్కరలేదు. నీరు ఎక్కువై నష్టపోయిన వారి బిడ్డలు, నీరు చాలక నిలదొక్కుకొన్న వారి మధ్య నాలుగు రోజులు ఉండి రావడం వినోదం మాత్రమే కాదు. బ్రతుకు తెరువుకై ఊరు విడచి పోవడం వారికీ తెలుసు, మనకూ తెలుసు. కలిసి మాట్లాడుకొనడానికి అంతకంటె మాట ఏమి కావాలి?

ఇది ఈ ఏటికి సాధ్యపడకపోతే కనీసం ఒక్క రోజు కేటాయించి భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు పోదాము. సముద్రం వెనుకకు జరిగిన హిమయుగంలో గాలి పోసిన ఇసుక, వేల ఏండ్ల వానలకు చీలి, ఎర్రని లోయలై నిలిచిన చోటు అది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వారు దానిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఉదయం పోయి, అక్కడే అన్నం తిని, నడిచి, సాయంత్రం దాకా ఉండి రావాలి. దారిలో మరే చోటూ చూడకూడదు. ఒక్క చోట ఒక్క రోజు నిలువగలమా లేదా అన్నది మనకు మనమే పెట్టుకొనే పరీక్ష.

విద్యార్థులారా! కార్యక్రమ పత్రంలో స్థలాల సంఖ్యను చూచి మురిసిపోవద్దు. ఎన్ని గంటలు బస్సులో, ఎన్ని గంటలు నేల మీద అని అడగండి. కళాశాల సంఘ సభ్యులకు మా మనవి మూడే మాటలు. రాత్రి ప్రయాణం రైలులోనే గాని బస్సులో వద్దు. రెండు బసలకు మించి వద్దు. విద్యార్థినులు లేని యాత్రకు అనుమతి ఇవ్వవద్దు. ఈ మూడింటిని ఆమోదించిన నాడు, ఎచ్చటికి పోవాలన్న ప్రశ్నను విద్యార్థులకే నిశ్చింతగా వదలిపెట్టవచ్చును.